పోయొస్త

అధ్యక్షుల వారికి, వేదిక మీదున్న పెద్దలకు, ఇంత ఉక్కపోతల కూడ కదలకుండ కూసున్న మీ అందరికి నమస్కారం. పెద్దల పేర్లు ఒక్కొక్కటి చెప్పాలె. చెప్తే మీకు యాష్టకొస్తది, చెప్పకుంటె వాళ్లకు కోపమొస్తది. వాళ్లకే రానియ్యుండ్రి. బిడ్డా, ఆ మైకు జర ఇటు జరుపు. ఆఁ, చాలు.

ఇయ్యాల సెప్టెంబర్ 9, కాళోజీ పుట్టినరోజు. 2014 నుంచి దీన్నే తెలంగాణ భాషా దినోత్సవమని చేసుకుంటున్నం. నన్ను పిలిచినోళ్లు "సార్, మన భాష గురించి ఓ ఇరవై నిమిషాలు మాట్లాడాలె" అన్నరు. సరే అన్న. ఇంటికి పోయినంక ఆలోచన వడ్డది. మన భాష గొప్పదని మనోళ్లకే చెప్పుడు ముప్పై రెండేండ్లు బళ్లె చేసిన. ఇగ చాలనిపించింది. అందుకే ఇయ్యాల నేను అరబ్బీ గురించి, జపాన్ భాష గురించి మాట్లాడ్త. పదిహేను, పదహారేండ్ల పిల్లల్ని ఓ ఏడాది పరాయి దేశానికి తోలి, అక్కడోళ్ల ఇంట్లనే ఉంచితె ఏమైతదో చెప్త. అధ్యక్షులు నా దిక్కు చూస్తున్నరు. కాళోజీ నుంచే మొదలువెడ్త సార్, పరేషాన్ గాకుండ్రి.

కాళోజీ యాడ పుట్టిండు? మడికొండ అంటున్నడు ఎనక వరుసల బాబు. అందరు అట్లనే అంటరు. 1914ల ఆయన పుట్టింది రట్టిహళ్లిల. అది కర్ణాటక, బీజాపూర్ జిల్లా. నాయిన మరాఠీ ఆయన, తల్లి కన్నడ ఆమె. మడికొండకొచ్చి పెరిగిండు. అంటే మనం ఎవరి పేరు మీద మన యాస పండుగ చేసుకుంటున్నమో, ఆయన ఇంట్ల ఒక భాష గాదు, రెండు వేరే భాషలున్నయి. తెలుగు ఆయనకు ఊరిచ్చిందని నేననుకుంట. మడికొండ గల్లీలు, ఆ వాడకట్టు పోరగాండ్లు ఇచ్చిన్రు.

ఇగ మా అన్న ముచ్చట. ఇది నా ఇంట్లోళ్లకు నోటికొచ్చు, మీకు కొత్త.

మాది పరకాల దిక్కు పల్లె. మన ఉత్తర తెలంగాణల ఒక మాటుండె కదా: బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి. వానల్లేక, బాయిల నీళ్లు లేక, ఈ మూడిట్ల ఏదో ఒకదానికి పోవాల్సిందే. మా పెద్దనాయిన కొడుకులు బొగ్గుబాయికి పోయిన్రు. మా అన్న కువైట్ పోయిండు. ఏడో తరగతి చదువు, పంతొమ్మిదేండ్ల వయసు. ఆయన పోయింది ఒక అరబ్బోళ్ల ఇంట్ల పనికి. వంటకు సాయం, తోటకు నీళ్లు, పిల్లల సంచులు బండ్లె పెట్టుడు. ఆ ఇంట్ల తెలుగు రాదు, ఉర్దూ రాదు, ఇంగ్లీషు వస్తే మా అన్నకు రాదు.

మూడు నెలలు మూగోని లెక్క ఉన్నడట. గురువులెవరంటె ఆ ఇంటి పిల్లలు, ఒకనికి తొమ్మిదేండ్లు, ఇంకొకనికి ఆరు. వంటింట్ల కనిపించిన ప్రతిదాన్ని వేలుతోని సూపెట్టి "శునూ హాదా?" అని అడిగేది మా అన్న. ఇదేంది, ఇదేంది, అంతే. వాళ్లు చెప్పేది. ఈయన అనేది. వాళ్లు నవ్వేది. గొంతు లోపల్నుంచి తియ్యాల్సిన శబ్దాలు ఈయనకు పండ్ల కాడ్నే ఆగిపోయేది. అయితె వాళ్లను కూడ ఈయన నవ్విండు. అరబ్బీల 'ప' లేదు. "మీదేవూరు" అని అడిగి, పరకాల అంటె "బరకాల, బరకాల" అనేదట పిల్లలిద్దరు. ఎన్నిసార్లు చెప్పినా బరకాలనే. "వానికి నా ఊరి పేరు రానప్పుడు, నాకు వాని మాట రాకుంటె సిగ్గేంది?" అన్నడు మా అన్న నాతోని. పుస్తకం వట్టి నేను ముప్పై రెండేండ్లు చెప్పిన పాఠం కన్న ఆ ఒక్క మాట పెద్దది.

1990 ఆగస్టు 2 నాడు ఇరాక్ ఫౌజు కువైట్ల దిగింది. మనోళ్లు లక్షా డెబ్బై వేల మంది దాక చిక్కుకుపోతె, జోర్డాన్ల ఉన్న అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానాలు తెచ్చినయి. అమ్మాన్ దాక ఎట్ల పోవాలె? బస్సుల, బస్రా మీదికెళ్లి, బాగ్దాద్ మీదికెళ్లి. మా అన్న ఎక్కిన బస్సుల మనోళ్లు, మలయాళపోళ్లు, పంజాబోళ్లు కలిసి నలభై మందికి పైనే. ఫౌజోళ్లు ఆపిన ప్రతి చోట దిగి మాట్లాడింది ఈయనొక్కడే. ఒక చోట ఒక ఫౌజీ, ఈయన అరబ్బీ ఇని, "నీకిది ఎవరు నేర్పిన్రు? చిన్నపిలగాని లెక్క మాట్లాడుతున్నవ్" అని నవ్విండట. తొమ్మిదేండ్ల పోరనితోని నేర్చుకుంటె మాట అట్లనే ఉంటది మరి. నవ్విండు, బస్సును ఇడిసిపెట్టిండు.

ఆ మనిషి ఊరికొచ్చినంక అప్పు కాయితం కోసం ఒక దఫ్తర్ కు పోయిండు. నేను కూడ ఎంట పోయిన. ఫారం నింపుతున్న గుమస్తా "చదువు?" అన్నడు. ఏడు. "వచ్చే భాషలు?" తెలుగు, ఉర్దూ, అరబ్బీ. "అరబ్బీకి సర్టిఫికెట్ ఉన్నదా?" లేదు. కలం ఉర్దూ కాడ ఆగింది. నాకు ఇప్పటికీ ఆ ఖాళీ జాగ యాదికొస్తది. అంగుళం అంత ఉంటది. మా అన్న ఏమనలే. బయటికొచ్చి "కల్లివెల్లి" అన్నడు. మీరంతా ఆ మాటను ఆకామా, అంటె ఆడ ఉండేటందుకు ఇచ్చే పర్మిట్, లేనోళ్లకు వాడ్తరు. అసలు అర్థం 'పోనీ, ఇడిసిపెట్టు' అని.

సరే, అసలు సంగతికొస్త. మా వాడకట్టుల ఇంకొకాయన దుబాయి పోయిండు, పదకొండేండ్లున్నడు. క్యాంపుల ఉన్నడు, ఒక రూముల ఎనిమిది మంది. ఆయనకు అరబ్బీ ఎంతొచ్చు? యల్లా, ఖుబూస్, కఫీల్. అయిపాయె. హిందీ మాత్రం ఫటాఫట్, మలయాళం ఇంకా ఫటాఫట్. తప్పు ఆయనది గాదు. ఆయన మునిగిన నీళ్లు హిందీ నీళ్లు. అమెరికల ఉన్న మనోళ్ల ఇండ్లకు పోయొచ్చినోళ్లు ఈడ ఉన్నరు కదా, అడుగుండ్రి, ఎన్ని రోజులు ఇంగ్లీషు మాట్లాడిన్రో. పరాయి దేశం పోతె భాష రాదు. పరాయి ఇంట్ల ఉంటె వస్తది. పొద్దున లేస్తె ఉప్పు అడగాలన్నా, దుప్పటి అడగాలన్నా ఆ మాటనే దిక్కయితె, అప్పుడొస్తది.

మరి పదిహేనేండ్ల వయసే ఎందుకు, ఇంకా చిన్నప్పుడే పంపితె మంచిది గదా అని మొన్న ఒక తల్లి అడిగింది. అందరి నమ్మకం అదే. 1970లల్ల నెదర్లాండ్స్ల ఇద్దరు పరిశోధకులు, కాథరిన్ స్నో, మరియన్ హోఫ్నాగెల్-హోలె, దీన్నే పట్టి చూసిన్రు. ఇంగ్లీషు మాట్లాడే కుటుంబాలు ఆ దేశానికొచ్చి పడ్డయి. మూడేండ్ల పిల్లల కాడ్నించి పెద్దోళ్ల దాక, ఎవరు డచ్ భాష ఎట్ల అందుకుంటున్నరో ఏడాది పొడుగూత పరీక్ష చేసిన్రు. 1978ల అచ్చేసిన్రు. మొదటి నెలలల్ల మూడు నుంచి ఐదేండ్ల పిల్లలు ముందు ఉరికిన్రా? లేదు, వాళ్లే అందరికన్న ఎనక. ముందు ఉరికినోళ్లు పన్నెండు నుంచి పదిహేనేండ్లోళ్లు. చిన్నోళ్లు తర్వాత తర్వాత అందుకుంటరు, పలుకు గూడ వాళ్లదే నయముంటది, అది వేరే సంగతి. కాని ఏడాదే చేతుల ఉన్నదంటె, ఆ ఏడాదిని పిండుకునే వయసు మీ ఇంట్ల తొమ్మిది, పది చదువుతున్న పిల్లలది.

లెక్క జెప్త, రాసుకోండ్రి. అమెరిక ప్రభుత్వం తన దౌత్య అధికారులకు భాషలు నేర్పుతది. ఇంగ్లీషోళ్లకు జపనీసుగాని, అరబ్బీగాని రావాలంటె 2200 గంటల క్లాసు కావాలంటది. వారానికి రెండు గంటల క్లాసు పెడ్తె ఏడాదికి నూరు గంటలు. అంటె ఇరవై రెండేండ్లు! పదో తరగతిల మొదలువెడ్తె నలభై దగ్గరవడ్తయి. అదే పది నెలలు అక్కడోళ్ల ఇంట్ల ఉంటె, రోజుకు పద్నాలుగు గంటలు చెవులు తెరిచుంటయి. మున్నూరు రోజులకు 4200. క్లాసు గంట, వంటింటి గంట ఒక్కటేనా అని అడగకుండ్రి. కాదు. సగం తీసెయ్యుండ్రి, అయినా ఇంచుమించు అంతే.

నేను జపాన్ అని ఎందుకన్ననంటె, మా మేనకోడలి బిడ్డ పోయొచ్చింది. పదహారేండ్ల పిల్ల. పది నెలలు, ఒక చిన్న టౌనుల, అక్కడోళ్ల ఇంట్ల. పోకముందు ఈడ్నే హిరగానా నలభై ఆరు అక్షరాలు దిద్దుకొని పోయింది. యాభైకి పైన అక్షరాలు దిద్దిన చెయ్యికి అదెంత! కాని మాట? మొదటి నెల సాయంత్రమైతె తలనొప్పి అని పండుకునేది. పొద్దంత చెవులు నిక్కబొడిచి ఇంటే మెదడు అలిసిపోతది. ఫోన్ల ఏడ్చింది. వాళ్లమ్మ "వాపస్ తోలుకొద్దాం మామా" అన్నది. నేను ఆగుమన్న. ఎందుకు ఆగుమన్ననో తర్వాత చెప్త, దాని ఎనక నా సొంత తప్పు ఒకటున్నది.

రెండో నెలల ఆ పిల్లకు ఒకటి తట్టింది. జపాన్ మాట మన మాట లెక్కనే నడుస్తది. మనం 'నేను అన్నం తిన్న' అంటం. వాళ్లు 'వతాషి వా గొహాన్ ఒ తబేమాషిత' అంటరు. నేను, అన్నం, తిన్న. అదే వరుస. క్రియ ఆఖరికి. 'కు', 'ల', 'నుంచి' మనం మాట ఎనకాల తగిలిస్తం, వాళ్లు గూడ ఎనకాల్నే. ఈ పిల్ల పదేండ్లు ఇంగ్లీషు మీడియం చదివి, మనసుల ఇంగ్లీషు చేసి, దాన్ని జపనీసు చేసేది. అందుకే ఇరుక్కపోయింది. ఇంగ్లీషును నడుమకెళ్లి తీసేసినంక మాట నడిచింది.

ఆ ఇంటి తల్లి రోజూ పొద్దున, పిల్ల బడికి బూట్లు తొడుగుతుంటె, తలుపు కాడ నిలవడి చూసేదట. ఏదో మాట కోసం చూస్తున్నదని సమజయ్యేది, ఏం మాటో సమజయ్యేది గాదు. ఈ పిల్ల 'బై' అనేది. ఆమె ముఖం చిన్నగయ్యేది. ఒకనాడు ఆ ఇంటి చిన్నోడు ఉరుకుకుంట పోతూ 'ఇత్తెకిమాసు' అన్నడు. తల్లి 'ఇత్తెరాష్షాయ్' అన్నది. ఈ పిల్ల కాయితం మీద రాసుకొని విడగొట్టుకున్నది. ఇత్తె అంటె పోయి. కిమాసు అంటె వస్త.

పోయొస్త!

మన ఇంట్ల పోతున్న అంటె ముసలమ్మలు తిడ్తరా లేదా? 'పోత అనకు, పోయొస్త అను' అంటరా లేదా? పదహారేండ్లు రోజూ అన్న మాటను జపాన్ల ఒక గడప కాడ దొరకవట్టుకున్నది ఆ పిల్ల. మర్నాడు బూట్లు తొడుక్కొని ఆ మాట అన్నదట. ఆ తల్లి 'పోయి రా బిడ్డా' అన్నట్టు చేసి, ఎనకకు తిరిగి కండ్లు తుడుసుకున్నదట. నాకు ఫోన్ల చెప్పుకుంట ఈ పిల్ల నవ్వుతున్నది. నేను మాత్రం నవ్వలే. భాషా దినోత్సవం నాడు జపాన్ ఎందుకని నా దిక్కు చూసిన అధ్యక్షులకు నా జవాబు ఇదే.

పీవీ గారిని యాది చెయ్యకపోతె మన జిల్లాల తప్పయితది. 1938ల వందేమాతరం ఉద్యమంల చదువుల్నుంచి ఎల్లగొడ్తె నాగపూర్ పోయిండు. అప్పుడు ఆయనకు పదిహేడేండ్లు. తర్వాత పుణె. మరాఠీ అట్ల అబ్బింది. మరాఠీ నవలను తెలుగు చేసేటంత అబ్బింది. ఎల్లగొట్టినోళ్లకు దండం పెట్టాలె మనం!

చీటీ వచ్చింది. ఐదు నిమిషాలట. సరే, జపాన్ల ఏడ్చిన పిల్లను ఎందుకు ఆగుమన్ననో, ఆ నా తప్పు చెప్పి దిగిపోత.

పదేండ్ల కిందటి ముచ్చట. నా దగ్గర పది చదివిన పిల్ల. జర్మనీకి ఏడాది పంపే దాంట్ల ఎంపికయ్యింది. సగానికి ఎక్కువ ఖర్చు వాళ్లదే. వాళ్ల నాయిన కిరాణం నడిపేటాయన, సాయంత్రం దుకాణం కట్టేసి మా ఇంటికొచ్చిండు. అరుగు మీద కూసున్నడు. "సార్, మీరు ఎట్లంటె అట్ల" అన్నడు. నేనేమన్ననో తెలుసునా? "ఒక ఏడాది పోతది. ఎంసెట్ ఎనకవడ్తది. ఆడపిల్ల, ఎందుకు రిస్కు?" ఈ మూడు మాటలు. మా అన్న కథ చెప్పుకుంట తిరిగే నేను! ఆయన తలూపి పోయిండు.

ఆ పిల్ల ఇంజనీరింగ్ చేసింది. మొన్న దసరకు కనవడ్డది. హైదరాబాదుల జర్మన్ కోర్సు చేస్తున్నదట, ఎమ్మెస్ కు పోవాలని. "సార్, పేరు పేరుకు ముందు పెట్టే డెర్, డీ, దస్ చంపుతున్నయి, వయసు దాటినంక నోరు తిరుగుతలేదు" అని నవ్వింది. కాయితం మీద ఫీజు లెక్క చూపెట్టింది. అడ్డం వడ్డది నేనని ఆ పిల్లకు తెల్వదు. వాళ్ల నాయిన చెప్పలే. నేను గూడ చెప్పలే. బండి స్టాండ్ తీసి పోయింది.

ఏడాది పోతది, ఏడాది పోతది! లాంగ్ టర్మ్ కోచింగుకు ఏడాది పోతె మనకు నొస్తదా? రెండేండ్లు పోతె నొస్తదా?

పైసలున్నోళ్ల ముచ్చట అంటరని తెలుసు. కొంత నిజమే, కాదన. అందుకే కాయితాలు తెచ్చిన. ఏఎఫ్ఎస్ అని ఒకటున్నది, 1915ల యుద్ధంల గాయపడ్డోళ్లను మోసే అంబులెన్సు బండ్లతోని మొదలయ్యింది, రెండో యుద్ధం అయిపోయినంక పిల్లల్ని దేశం దేశం ఇండ్లల్ల ఉంచుడు పట్టింది. అమెరిక ప్రభుత్వం 2002ల మొదలువెట్టిన 'యెస్' అని ఇంకొకటి, ఖర్చంత వాళ్లదే, మన దేశపు పిల్లలు గూడ పోయినోళ్లున్నరు. జర్మనోళ్లు 2008 నుంచి 'పాష్' అని, బడులల్ల జర్మన్ నేర్పేది ఒకటి నడిపిస్తున్నరు, మీ బడి దాంట్ల ఉన్నదో లేదో హెడ్మాస్టర్ను అడుగుండ్రి. పోటీ ఉంటది. వయసు హద్దుంటది, ఒక్క నెల దాటినా తీస్కోరు. వచ్చే ఏడు చూద్దాం అంటె అయిపాయె.

కాయితాలు ఆ కిటికి కాడ బల్ల మీదున్నయి. ఇంగ్లీషుల ఉన్నయి, నేను కండ్లద్దాలు తెచ్చుకున్న, కూసొని చదివి చెప్త. పిల్లలు ఒక్కళ్లే రాకుండ్రి, నాయినలను పట్టుకొని రాండ్రి. నా బస్సు ఐదున్నరకు. అది పోతె ఆరుంబావుకు ఇంకొకటున్నది.