రాగిరేకుల్లో లేని బాణీ: పాత సింథసైజర్ల నాదాన్ని శాంపిల్ చేయడం గురించి

పెద్దలకు, తిరుపతి, చిత్తూరు ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయిస్తున్న తోటి కళాకారులకు నమస్కారం. పాత సింథసైజర్ల, అంటే నాదాన్ని కరెంటుతో పుట్టించే కీబోర్డుల, నాదాన్ని కంప్యూటర్లోని శాంప్లర్‌లోకి, అంటే రికార్డు చేసిన స్వరాలను మీటల మీద పలికించే ప్రోగ్రాములోకి, ఎక్కించే పద్ధతి చెప్పమని నన్ను పిలిచారు. తప్పకుండా చెబుతాను. అంతకుముందు నేను పోగొట్టుకున్న ఒక నాదం గురించి చెప్పనివ్వండి.

నా దగ్గర యమహా డీఎక్స్7 అనే సింథసైజర్ ఉండేది. 1983లో వచ్చిన ఆ వాద్యం లోపలి మెమరీలో 32 టోన్లు, అంటే మనం అంకెలతో తయారుచేసుకునే నాదాలు, పడతాయి. గోవిందరాజస్వామి గుడి దగ్గర విన్న నాగస్వరాన్ని చెవిలో పెట్టుకుని, రెండేళ్లపాటు రాత్రిళ్లు కూర్చుని అందులో ఒక టోన్ తయారుచేశాను. నాదాన్ని కలిసి పుట్టించే ఆరు తరంగాల (ఆపరేటర్ల)లో ఒకదాని స్థాయిని కాస్త పెంచితే పీకలోని గరుకు వచ్చేది. ఇంకాస్త పెంచితే రేకును గీసినట్టు అయ్యేది. ఒక పెళ్లిళ్ల సీజనుకు ముందు మీట ఒకటి పలకకపోతే మరమ్మతుకు ఇచ్చాను. బోర్డుకు టంకం వేసి ఉన్న, మెమరీని నిలబెట్టే బ్యాటరీని వాళ్లు నన్ను అడగకుండానే ఊడదీసి కొత్తది వేశారు. వాద్యం తిరిగొచ్చింది, మీటలన్నీ పలికాయి, నా టోన్లలో ఒక్కటీ మిగల్లేదు.

మనం కొండ కింద ఉన్నవాళ్లం. అన్నమయ్య సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించినవారు ఒక్కో పాటకూ రాగం పేరు చెక్కించారు గాని స్వరం చెక్కించలేదు. అందుకే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు, నేదునూరి కృష్ణమూర్తిగారు వంటి మహానుభావులు ఆ పాటలకు కొత్తగా బాణీలు కట్టవలసి వచ్చింది. టోన్ అంకెలను కార్ట్రిడ్జిలోనో కంప్యూటర్లోనో దాచుకోవడం రాగం పేరు రాసుకోవడం వంటిది. అది కూడా చేయండి. నేను అదీ చేయలేదు. కానీ ఆ పాత డీఎక్స్7లో అంకెలను శబ్దంగా మార్చే 12 బిట్ల కన్వర్టర్ ఇచ్చే గరుకుదనం అంకెల్లో ఉండదు, వినిపించే నాదంలోనే ఉంటుంది.

నాకు మిగిలింది ఒక పెళ్లి క్యాసెట్టు. అందులో డోలు అందుకునే ముందు ఆ టోన్ ఒంటరిగా నాలుగు సెకన్లు పలుకుతుంది. ఆ ఒక్క స్వరాన్ని శాంప్లర్‌లో పెట్టి మీటలన్నింటికీ పరిచాను. రెండు మూడు మీటల దూరం వరకు నాగస్వరంలాగే ఉంది. ఒక స్థాయి, అంటే పన్నెండు మీటలు, పైకి వెళ్లేసరికి నాలుగు సెకన్లు రెండయ్యాయి, స్వరంలోని కంపనం రెట్టింపు వేగంతో వణికింది, నాగస్వరం కాస్తా పిల్లల పీపీ అయిపోయింది.

కాబట్టి ఒక్క స్వరంతో సరిపెట్టుకోకండి. 61 మీటల్లో మూడింటికి ఒకటి చొప్పున 21 స్వరాలు తీసుకోండి. ఒక్కోదాన్ని నాలుగు వత్తిళ్లతో రికార్డు చేయండి, ఎందుకంటే డీఎక్స్7 వాడే ఎఫ్‌ఎం పద్ధతిలో, అంటే ఒక తరంగంతో మరోదాన్ని కదిలించి నాదం పుట్టించే పద్ధతిలో, వేలి బరువు శబ్దం పెద్దదా చిన్నదా అన్నదాన్నే కాక నాదం రంగును కూడా మారుస్తుంది. గట్టిగా వాయించిన స్వరాన్ని వాల్యూమ్ తగ్గించి మెత్తని స్వరంగా చూపలేం. వేలితో ఒకే బరువు పదే పదే రాదు గనుక మిడి (వాద్యానికి ఏ మీట ఎంత బరువుతో నొక్కాలో చెప్పే కేబుల్ సంకేతాలు) ద్వారా కంప్యూటరు చేతనే వాయించండి. 24 బిట్లలో, శబ్దం పగలకుండా గరిష్ఠ మట్టానికి కింద కొంత ఖాళీ ఉంచి రికార్డు చేయండి. వాద్యంలో రివెర్బ్ (గది మార్మోగినట్టు చేసేది), కోరస్ (పలు గొంతులు కలిసినట్టు చేసేది) ఉంటే ఆపండి, అవి తర్వాత కలుపుకోవచ్చు. స్వరాన్ని లూప్ చేసేటప్పుడు, అంటే మీట నొక్కి ఉంచినంతసేపూ ఒక ముక్కను తిప్పి తిప్పి పలికించేటప్పుడు, తరంగం సున్నా గీతను దాటే చోట కోయకపోతే ప్రతి చుట్టుకూ 'టక్' మంటుంది. కంపనం ఉన్న టోన్ అయితే లూప్‌లో పూర్తి కంపనాలే పట్టాలి. ఒక్కో స్వరానికి ఎనిమిది సెకన్లు చొప్పున 84 స్వరాలకు పదకొండు నిమిషాలు దాటి కాస్త పడుతుంది. నా రెండేళ్ల పని దక్కడానికి ఆ పదకొండు నిమిషాలు చాలేవి.

అయ్యా, ఇక్కడ కూర్చున్న వారిలో అటక మీద పాత కీబోర్డు పెట్టినవారు ఎంతమంది? ఎవరి చేతా విప్పించకండి, బ్యాటరీ ముట్టుకోనివ్వకండి. ముందు నా దగ్గరికి తీసుకురండి, కేబుళ్లు నేను తెస్తాను. ఇప్పుడు ఆ క్యాసెట్టులోని నాలుగు సెకన్లు వినిపిస్తాను. దయచేసి ఫ్యాన్లు ఒక్క నిమిషం ఆపించండి.