ట్రాన్స్‌ఫార్మర్ రొద: మార్చే ముందు వినండి

మిత్రులారా, నమస్కారం.

పాటకూ పాటకూ మధ్య వచ్చే నిశ్శబ్దంలో యాంప్లిఫయర్ పెట్టెలోంచి గుయ్‌మని రొద వినిపిస్తే, చాలామందికి ముందు తట్టే ఆలోచన ట్రాన్స్‌ఫార్మర్ మార్చేయడం. ఆ ఖర్చు చాలాసార్లు వృథా అవుతుంది. కొత్తది పెట్టినా అదే రొద వస్తుంది. ఎందుకంటే తప్పు ట్రాన్స్‌ఫార్మర్‌ది కాదు, దానికి అందుతున్న కరెంటుది. లేదంటే దాన్ని బిగించిన తీరుది. ఈ రోజు నా మాటల్లో ఎక్కువ భాగం ఈ సంగతి గురించే.

ముందుగా ఒకటి తేల్చుకోవాలి. రొద స్పీకర్లలోంచి వస్తోందా, పెట్టెలోంచి వస్తోందా? స్పీకర్లలోంచి వస్తే అది వేరే జబ్బు. ఎర్త్ కలిపిన తీరులోనో, సరఫరాలోని ఒడిదుడుకులను సరిచేసే ఫిల్టర్ కెపాసిటర్లు పాతబడటంలోనో దాని మూలం వెతకాలి. ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్ అయితే స్విచ్ ఆపి, స్పీకర్ వైర్లు తీసి, మళ్లీ స్విచ్ వేయండి. అప్పటికీ వినిపిస్తే అది యాంత్రికమైన రొదే. గాజు గొట్టాలతో పనిచేసే వాల్వు యాంప్లిఫయర్ మీద మాత్రం ఈ పరీక్ష చేయవద్దు. స్పీకర్ లేకుండా నడిపితే దాని ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దెబ్బతినవచ్చు. అక్కడ పెట్టె దగ్గర చెవి పెట్టి వినడమే మేలు.

ఇనుము అయస్కాంత క్షేత్రంలో ఉన్నప్పుడు దాని పొడవు అతి స్వల్పంగా మారుతుంది. జేమ్స్ జూల్ 1842లోనే దీన్ని గమనించాడు. ఏసీ కరెంటు ఒక ఆవృత్తిలో రెండుసార్లు శిఖరానికి చేరుతుంది కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ తీగ చుట్టిన ఇనుప కోర్ కూడా రెండుసార్లు సాగి ముడుచుకుంటుంది. అందుకే 50 హెర్ట్జ్ సరఫరా మీద 100 హెర్ట్జ్, 60 హెర్ట్జ్ మీద 120 హెర్ట్జ్ ధ్వని పుడుతుంది. దాని పై గుణిజాలు కూడా తోడవుతాయి. అంటే కొద్దిపాటి ధ్వని ప్రతి ట్రాన్స్‌ఫార్మర్‌కూ సహజమే. మీటరు దూరంలో కూర్చున్నా వినిపిస్తున్నప్పుడే దాని సంగతి చూడాలి.

ఇక అసలు విషయానికి వస్తాను. రొద రోజంతా ఒకేలా ఉంటోందా, లేక కొన్ని వేళల్లో పెరిగి మళ్లీ తగ్గుతోందా? పెరిగి తగ్గుతుంటే ఏసీ సరఫరాలో డీసీ, అంటే ఒకే దిశలో పారే కరెంటు, కలుస్తోందేమో అనుమానించాలి. హెయిర్ డ్రైయర్లలో కొన్నింటికి సగం వేడి కోసం, కరెంటును ఒకవైపే పోనిచ్చే ఒక డయోడ్ పెడతారు. అది తరంగంలో ఒక సగాన్నే వాడుకుంటుంది. దాంతో ఆ లైను మీద వోల్టేజి ఒకవైపుకు కొద్దిగా ఒరుగుతుంది. సరిగ్గా పనిచేయని లైటు డిమ్మర్లు కూడా ఇదే చేస్తాయి.

ఒరిగేది అర వోల్టే కావచ్చు. 230 వోల్టుల ముందు అర వోల్టు ఎంత అనిపిస్తుంది. కానీ లెక్క వేసి చూడండి. పెద్ద టొరాయిడ్‌కు (ఉంగరం ఆకారపు కోర్ ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌కు) ప్రైమరీ చుట్ల, అంటే మెయిన్స్ కరెంటు వచ్చే చుట్ల నిరోధం రెండు ఓమ్‌లు అనుకుందాం. డీసీని అడ్డుకునేది ఆ నిరోధం ఒక్కటే కాబట్టి పావు యాంపియర్ ప్రవహిస్తుంది. మంచి టొరాయిడ్ ఖాళీగా ఉన్నప్పుడు తీసుకునేదే కొద్ది పదుల మిల్లీయాంపియర్లు! దానికి ఎన్నో రెట్ల డీసీ వచ్చి పడితే కోర్ ఒక దిశలో సంతృప్తమై, అంటే ఇక అయస్కాంతత్వం పట్టలేని స్థితికి చేరి, గుర్రుమంటుంది. టొరాయిడ్ కోర్‌లో గాలి సందు దాదాపు ఉండదు. దాని సామర్థ్యానికి కారణం అదే, ఈ బలహీనతకూ కారణం అదే. E, I అక్షరాల ఆకారపు రేకులు పేర్చిన ఈ-ఐ కోర్ దీన్ని కాస్త మెరుగ్గా తట్టుకుంటుంది.

దీనికి మందు డీసీ బ్లాకర్. 10,000 మైక్రోఫారడ్ల ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు రెండింటిని ఎదురెదురుగా కలిపి, ప్రైమరీకి వెళ్లే ఫేజ్ వైరులో ఫ్యూజు తర్వాత పెడతారు. 50 హెర్ట్జ్ దగ్గర ఒక్కోటి అడ్డుకునేది 0.32 ఓమ్ మాత్రమే. అందుకే ఏసీ దాదాపు తేలిగ్గా దాటిపోతుంది, డీసీ ఆగిపోతుంది. వాటికి సమాంతరంగా, ప్లస్ మైనస్ కొనలు ఒకదానికొకటి కలిపిన 35 యాంపియర్ల బ్రిడ్జ్ రెక్టిఫైయర్ (నాలుగు డయోడ్ల కూర్పు) ఉండాలి. అది కెపాసిటర్ల మీద వోల్టేజి సుమారు 1.4 వోల్టులు దాటకుండా కాపాడుతుంది. చూడటానికి చిన్న సర్క్యూటే అయినా అది మొత్తం మెయిన్స్ మీదే ఉంటుంది. అనుభవం లేనివారు దీని జోలికి వెళ్లవద్దు, తెలిసిన టెక్నీషియన్ చేత పెట్టించుకోండి. ఎర్త్ వైరు దీని గుండా వెళ్లకూడదు. రొద తగ్గుతుందని ఎవరైనా ఎర్త్ తీసేయమంటే ఆ మాట వినకండి. అది ప్రాణం కాపాడే వైరు.

వేళతో పనిలేకుండా ఎప్పుడూ మోగుతుంటే లోపలి లోడు చూడాలి. సెకండరీ వైర్లు, అంటే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి యాంప్లిఫయర్ సర్క్యూట్‌కు వెళ్లేవి, విడదీసి, కొనలకు విడివిడిగా ఇన్సులేషన్ చేసి, అప్పుడు కరెంటు ఇచ్చి చూస్తారు. రొద ఆగిపోతే ఏసీని డీసీగా మార్చే రెక్టిఫైయర్‌లో ఒక డయోడ్ తెగి ఉండవచ్చు, పాట లేనప్పుడూ పారే బయాస్ కరెంటు హద్దు మీరి ఉండవచ్చు, కెపాసిటర్ షార్ట్ అయి ఉండవచ్చు. ఈ పని చేసేవారు ప్లగ్గు తీశాక కూడా ఫిల్టర్ కెపాసిటర్లను రెసిస్టరుతో ఖాళీ చేసి, మీటరుతో సరిచూశాకే చెయ్యి పెట్టాలి.

సెకండరీ విడదీసినా మోగుతూ, డీసీ కూడా లేదని తేలితే బిగింపు చూడండి. మోగుతున్నప్పుడు పైమూతను అరచేత్తో గట్టిగా నొక్కండి. శబ్దం ఒక్కసారిగా తగ్గితే ట్రాన్స్‌ఫార్మర్ కొద్దిగానే కదులుతోంది, ఆ కదలికను పెద్దది చేస్తున్నది పలచటి రేకు మూత. మూత లోపలి వైపు బరువైన బిట్యుమెన్ షీటు అంటిస్తే చాలావరకు నెమ్మదిస్తుంది. టొరాయిడ్ కిందా పైనా రబ్బరు వాషర్లు ఉండాలి. నడుమ బోల్టును గట్టిగా బిగిస్తే శబ్దం పోతుందనుకోకండి, చుట్లు నలిగిపోతాయి. వాషరు కదలకుండా పట్టుకునేంత చాలు. అన్నిటికన్నా ముఖ్యం, బోల్టు పై కొన మూతకు తగలకూడదు. తగిలితే బోల్టు, మూత, పెట్టె కలిసి కోర్ చుట్టూ ఒక పూర్తి చుట్టు అవుతాయి. అందులో విపరీతమైన కరెంటు పారి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. ఈ-ఐ రకంలో వదులైన బోల్టులు బిగిస్తే కొంత ఫలితం ఉంటుంది. రేకుల మధ్య వార్నిష్ ఎండి విడిపోతే, వాక్యూమ్‌లో మళ్లీ వార్నిష్ పట్టించగల వైండరు (ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టేవారు) దగ్గరికి తీసుకెళ్లాలి.

ఇవన్నీ చూశాక కూడా మోగుతుంటే అప్పుడు మార్చండి, సందేహం లేదు. వైండరుకు వాట్లు, వోల్టులు మాత్రమే చెప్పి ఊరుకోవద్దు. ఆడియో కోసమని చెప్పండి. కోర్ ఒక సైజు పెద్దది వేసి, ఫ్లక్స్ (కోర్‌లోని అయస్కాంత ప్రవాహం) సాంద్రత తగ్గించమని అడగండి. మీ సరఫరా తరచూ ఎక్కువగా ఉంటే ప్రైమరీని ఆ ఎక్కువ వోల్టేజికి తగ్గట్టు చుట్టించండి. 60 హెర్ట్జ్ కోసమే చేసిన ట్రాన్స్‌ఫార్మర్‌ను అదే వోల్టేజితో 50 హెర్ట్జ్ మీద నడిపితే ఫ్లక్స్ 20 శాతం పెరుగుతుందని కూడా గుర్తుంచుకుని, కొనే ముందు దాని మీది చీటీ చదవండి.