హీరో తల వెనక దమయంతి

అధ్యక్షుల వారికీ, ముందు వరసలోని పెద్దలకీ, వెనక వరసలో కూర్చుని ఫోన్లు చూసుకుంటున్న పిల్లలకీ నమస్కారం. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడిలో, నలుగురి ముందు తెలుగులో మాట్లాడమంటే నాకు ఇప్పటికీ టెన్షనే. నేను ముప్పై ఏళ్లు డ్రాయింగు మాస్టారిని. సుద్దముక్క చేతిలో ఉంటే తప్ప మాట పెగలదు. ‘సినిమాల్లో పేరున్న చిత్రాలు’ అని ఈ విషయం కార్యదర్శి గారు ఇచ్చారు. నేనే అడిగి పెట్టించుకున్నానని కొందరు అంటున్నారు. అదీ నిజమే.

సినిమాలో గోడకి బొమ్మ కనిపిస్తే నాకింక హీరో కనపడడు. మా ఆవిడ నాతో సినిమాకి రావడం ఎప్పుడో మానేసింది. “గోడలు చూడ్డానికి టిక్కెట్టెందుకు, ఇంట్లో నాలుగున్నాయి కదా” అంటుంది.

అయితే గోడ కూడా కథ చెబుతుందండీ. 1961 ఆగస్టులో లండన్ నేషనల్ గ్యాలరీలో గోయా వేసిన వెల్లింగ్టన్ ప్రభువు చిత్రం పోయింది. మరుసటి ఏడాది వచ్చిన మొదటి జేమ్స్ బాండ్ సినిమా ‘డాక్టర్ నో’లో విలన్ ఇంట్లో అదే బొమ్మ! బాండ్ మెట్ల దగ్గర ఆగి ఒక్క క్షణం దాన్ని చూస్తాడు, అంతే. ఓహో, దొంగ వీడా అని లండన్ జనం నవ్వుకున్నారు. సెట్లు వేసిన కెన్ ఆడమ్ స్వయంగా దించిన నకలు అది. అసలు బొమ్మ 1965లో దొరికింది.

‘టైటానిక్’ మీరంతా చూసిందే. అందులో రోజ్ సామాన్లలో పికాసో చిత్రం ఉంటుంది. 1907లో వేసినది. సినిమా లెక్కన అది సముద్రం పాలు కావాలి. అసలుది మాత్రం న్యూయార్క్ మ్యూజియంలో 1939 నుంచి సుఖంగా ఉంది. ఇలాంటివి కనిపెట్టినప్పుడు థియేటర్లో పక్కవాడి మోచెయ్యి పొడుస్తాను. ఎవరూ మెచ్చుకోరు.

మన దగ్గరైతే బొమ్మకీ సినిమాకీ చుట్టరికం ఇంకా దగ్గరిది. మన దేశంలో తొలి సినిమాలు తీసిన ఫాల్కే, సినిమా తీయకముందు పనిచేసింది రవివర్మ అచ్చుకూటంలోనే. ఆ మాట ఇంకోసారి చెప్పుకుందాం. ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. కార్యదర్శి గారూ, గడియారం చూడకండి.

హంగేరీలో గెర్గెలీ బార్కీ అని చిత్రకళా చరిత్రకారుడు ఉన్నాడు. 2009లో కూతురితో కూర్చుని టీవీలో ‘స్టూవర్ట్ లిటిల్’ చూస్తున్నాడు. ఎలక పిల్లాడి సినిమా. అందులో ఇంటి గోడ మీద, నల్ల కుండీ పక్కన నిద్రపోతున్న ఆడమనిషి బొమ్మ. హంగేరీ చిత్రకారుడు రోబెర్ట్ బెరేనీ వేసింది, 1928 తర్వాత ఎవరి కంటా పడలేదు. ఈయన దగ్గర ఉన్నదల్లా ఒక పాత నలుపు తెలుపు ఫొటో. సినిమా కంపెనీలకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. చివరికి ఆ సెట్లో పనిచేసిన ఒకావిడ జవాబిచ్చింది. అమెరికాలో, పాసడీనాలో పాత సామాన్ల కొట్లో 500 డాలర్లకి కొన్నారట. బొమ్మ ఆవిడ ఇంట్లోనే ఉంది. 2014లో బుడాపెస్ట్ వేలంలో అది 2,29,500 యూరోలు పలికింది.

ఉత్తరానికి జవాబొచ్చింది చూశారూ, అక్కడే నా కడుపు మండుతుంది.

మా నాన్న నాటకాల తెరలు రాసేవాడు. తీరిక దొరికినప్పుడు రవివర్మ హంస దమయంతిని గుడ్డ మీద దించాడు. రవివర్మ దమయంతిది ఎర్ర చీర. మా నాన్న చిలకపచ్చ బరంపురం పట్టు కట్టాడు, ఎందుకంటే మా అమ్మ పెళ్లిచీర అది. అంచు పొడుగునా ఫొడా కుంభం, గుడి శిఖరాల్లాగా పళ్లు పళ్లుగా. హంసని ఆయన ఎప్పుడూ చూడలేదు. చెరువుగట్టు బాతుని చూసి వేశాడు. మెడ కొంచెం పొట్టి.

ఎనభైల్లో మద్రాసు నుంచి ఒక సినిమా యూనిట్ దిగింది. పేరొద్దు. జమీందారు హాలు సీనుకి బొమ్మ కావాలన్నారు. “రెండ్రోజుల్లో పంపించేస్తాం పంతులు గారూ” అన్నారు. రసీదు లేదు, ఫొటో లేదు. మేము రాసిన మూడు కార్డులకి జవాబు లేదు. నౌపడా చిన్న రైలు వచ్చినప్పుడల్లా నాన్న స్టేషనుకి వెళ్లి పార్సిలు అడిగేవాడు. గార్డుకే విసుగొచ్చింది.

సినిమా వచ్చాక ఇద్దరం వెళ్లాం. రెండో సగంలో, తండ్రీ కొడుకులు అరుచుకునే సీను. స్తంభం వెనక పచ్చగా కదిలింది. నేను కుర్చీలోంచి లేచిపోయాను. ముందు అంచు పళ్లు చూశాను, తర్వాత బాతు మెడ. నాన్న మాత్రం, “ఫ్రేము మార్చేశారు రా” అన్నాడు. ఇంటికి వచ్చేదాకా ఇంకో మాట లేదు.

కాబట్టి అమ్మా, అయ్యా, మిమ్మల్ని ఒకటి అడగాలి. మీ బంధువులు చెన్నైలో, హైదరాబాదులో సినిమా సామాను అద్దెకిచ్చే చోట్ల పనిచేస్తుంటే, పచ్చ చీర దమయంతి ఉందేమో చూడమని చెప్పండి. గుడ్డ వెనక ఎడమ మూల ‘పర్లాకిమిడి’ అని తెలుగులో ఉంటుంది. నాన్న సంతకం చేయలేదు. ఊరి పేరే రాశాడు. అద్దె వసూలు చేయనని కూడా చెప్పండి. చూస్తే చాలు.

బాబూ, ఆ లైటు ఆర్పు. వీడియో పెట్టు. కుడి పక్క, స్తంభం వెనక చూడండి. నాలుగు సెకన్లే ఉంటుంది, హీరో తల అడ్డొస్తుంది. ఇంకా రాలేదు... ఇంకా రాలేదు... ఆపు, ఆపు. కొంచెం వెనక్కి.