లక్షా ముప్పై ఎనిమిది వేలు తిరిగిన హైబ్రిడ్ కొనొచ్చా? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

యాంకర్: అందరికీ నమస్తే. సెకండ్ హ్యాండ్ బండ్ల మీద మీ సందేహాలు తీసుకునే కార్యక్రమం ఇది. 2022లో షోరూమ్ నుంచి బయటికొచ్చిన హైబ్రిడ్ బండ్లు, అంటే పెట్రోల్ ఇంజిన్‌తో పాటు కరెంటు మోటర్ కూడా ఉన్నవి, ఇప్పుడు లక్ష దాటి తిరిగి అమ్మకానికి వస్తున్నాయి. ఈ వారం మాకు వచ్చిన ఫోన్లలో సగం వాటి గురించే. హన్మకొండలో ఇరవై ఏళ్లుగా షెడ్డు నడుపుతున్న అన్న మనతో ఉన్నారు. అన్నా, మొదటి కాల్ హన్మకొండ నుంచే.

శ్రోత (హన్మకొండ): నమస్తే అన్నా. నేను టీచర్‌ని. నయీంనగర్‌లో ఉంటాం. ఒక టొయోటా హైరైడర్ చూశాను, 2022 చివర్లో కొన్నది, స్ట్రాంగ్ హైబ్రిడ్, అంటే కొంత దూరం ఒక్క కరెంటు మీదే నడిచే రకం. మీటర్ 1,38,000 చూపిస్తోంది. ఫస్ట్ ఓనర్. రోజూ హైదరాబాద్ పోయి వచ్చేవాడట. పది వేలు బయానా ఇచ్చాను. ఇంట్లో ఇంత తిరిగిన బండి ఎందుకంటున్నారు. నిద్ర పట్టడం లేదు, టెన్షన్‌గా ఉంది.

మెకానిక్: టెన్షన్ పడకండి సార్, పది వేల దగ్గరే ఆగారు కదా. ముందు ఒక మాట. కిలోమీటర్లు చూసి భయపడే అలవాటు మనకు డీజిల్ బండ్ల నుంచి వచ్చింది. హైవే మీద లక్షన్నర తిరిగిన ఇంజిన్ కన్నా, చౌరస్తా ట్రాఫిక్‌లో అరవై వేలు తిరిగిన ఇంజిన్ ఎక్కువ అలిసిపోయి ఉంటుంది. పైగా ఈ బండిలో క్లచ్ ప్లేట్ లేదు, విడిగా స్టార్టర్ మోటర్ లేదు, ఆల్టర్నేటర్ లేదు. మామూలు బండిలో ఈ వయసుకు మనం మార్చే సామాను ఇందులో అసలు ఉండదు. బ్రేక్ వేసినప్పుడు మోటరే సగం పని చేసి ఆ శక్తిని బ్యాటరీకి పంపుతుంది కాబట్టి ప్యాడ్లు కూడా తొందరగా అరగవు.

శ్రోత: మరి బ్యాటరీ సంగతి?

మెకానిక్: అసలు లెక్క అక్కడే ఉంది. హైబ్రిడ్ బ్యాటరీకి కంపెనీ ఇచ్చేది 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. సంవత్సరాలు చూస్తే మీకు 2030 దాకా ఉన్నట్టు అనిపిస్తుంది. అమ్మేవాళ్లు కూడా అదే చెప్తారు. కానీ కిలోమీటర్లు చూడండి, మిగిలింది 22,000 మాత్రమే. మీరు నెలకు ఎంత తిరుగుతారు?

శ్రోత: వెయ్యి. పండగలకు ఊరు పోతే పన్నెండు వందలు.

మెకానిక్: అంటే దాదాపు ఏడాదిన్నర, రెండేళ్లలో వారంటీ అయిపోతుంది. తర్వాత ఏదైనా అయితే ఖర్చు మీదే. వారంటీ అయిపోగానే బ్యాటరీ పోతుందని కాదు నా ఉద్దేశం. ఆ రిస్కు ధరలో కనిపించాలి. ఇదే మోడల్ ఎనభై వేలు తిరిగిన బండికీ, దీనికీ తేడా యాభై వేలే అంటే నేనైతే ఒప్పుకోను. ఇంకోటి, ఛాసిస్ నంబర్ తీసుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి. ఈ నంబర్ మీద వారంటీ నడుస్తోందా, సర్వీసులన్నీ టైముకు అయ్యాయా, ఓనర్ మారితే మాకు వర్తిస్తుందా, ఈ మూడూ అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. సర్వీస్ రికార్డులో ప్రతిసారీ రీడింగ్ రాసి ఉంటుంది. మీటర్ వెనక్కి తిప్పారా లేదా అనేది కూడా అక్కడే బయటపడుతుంది.

శ్రోత: నేను నడిపి చూశానన్నా, బాగానే ఉంది.

మెకానిక్: ఎన్ని గంటలకు నడిపారు?

శ్రోత: మధ్యాహ్నం. ఆయన బండి స్టార్ట్ చేసి ఉంచాడు.

మెకానిక్: ఈసారి పొద్దున ఆరింటికి వెళ్లండి. ఇంజిన్ చల్లగా ఉండాలి, అంతకుముందు ఎవరూ స్టార్ట్ చేసి ఉండకూడదు. బటన్ నొక్కాక ‘రెడీ’ అని వస్తుంది. తర్వాత స్క్రీన్ మీద బ్యాటరీ గీతలు చూస్తూ నడపండి. ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కించండి. ఎక్కేటప్పుడు గీతలు కొంత తగ్గుతాయి, దిగేటప్పుడు కొంత పెరుగుతాయి. అది సహజం. కానీ చూస్తుండగానే నిండుగా ఉన్నది అడుక్కి పడిపోయి, రెండు నిమిషాల్లో మళ్లీ నిండిపోతుంటే ఆ బ్యాటరీ పట్టే శక్తి తగ్గిపోయిందని అర్థం. తర్వాత హన్మకొండ చౌరస్తా సిగ్నల్ దగ్గర ఆగండి. ఏసీ మామూలుగా ఉండగా ఇంజిన్ ఆగి, కాసేపు నిశ్శబ్దంగా ఉండాలి. ఆగిన ప్రతిసారీ ఇంజిన్ మోగుతూనే ఉందంటే కారణం కనుక్కోవాలి. ఇవన్నీ అయ్యాక సర్వీస్ సెంటర్‌లో హైబ్రిడ్ సిస్టమ్ స్కాన్ చేయించండి. బ్యాటరీలోని భాగాల వోల్టేజీలు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయో లేదో అందులో తెలుస్తుంది.

యాంకర్: అమ్మే ఆయన ఒప్పుకుంటాడా అన్నా ఇన్నిటికి?

మెకానిక్: బండి బాగుంటే ఒప్పుకుంటాడు. మీరు ఆయనతో మాట్లాడి మళ్లీ ఫోన్ చేయండి సార్, నేను ఇక్కడే ఉంటాను.

యాంకర్: తర్వాతి కాల్ జగిత్యాల నుంచి.

శ్రోత (జగిత్యాల): అన్నా, ఎర్టిగా స్మార్ట్ హైబ్రిడ్ ఒకటి ఉంది. లక్షా పది వేలు తిరిగింది. బ్యాటరీ పోతే లక్షలు అవుతాయని మా తమ్ముడు భయపెడుతున్నాడు.

మెకానిక్: అది వేరే సంగతి తమ్ముడూ. అందులో ఉన్నది చిన్న బ్యాటరీ, బెల్టుతో తిరిగే చిన్న మోటర్. ఇంజిన్‌కు కొంచెం సాయం చేస్తుందే గానీ, ఒక్క కరెంటు మీద బండి కదలదు. దాన్ని మామూలు పెట్రోల్ ఎర్టిగా లాగే చూసుకోండి. కానీ హైబ్రిడ్ పేరు చెప్పి ఎక్కువ అడుగుతుంటే మాత్రం ఇవ్వొద్దు.

యాంకర్: వరంగల్, కరీమాబాద్ నుంచి ఒక అమ్మ లైన్‌లో ఉన్నారు.

శ్రోత (కరీమాబాద్): నమస్తే బాబూ. మా వారు రిటైరయ్యారు. మా అబ్బాయి హైబ్రిడ్ కారు తీసుకుందామంటున్నాడు. మా దగ్గర వానకాలం నీళ్లు నిలుస్తాయి. కరెంటు బండి కదా, షాక్ కొడుతుందా అని నా భయం.

మెకానిక్: మంచి ప్రశ్న అడిగారమ్మా. నారింజ రంగు వైర్లు ఉంటాయి, అవే ఎక్కువ వోల్టేజీవి. ఆ కరెంటుకు బండి బాడీతో సంబంధం ఉండదు. ఎక్కడైనా లీకైతే సిస్టమ్ పసిగట్టి లోపలి స్విచ్‌లు కట్ చేస్తుంది, సరఫరా ఆగిపోతుంది. వానలో నడిపితే ఏమీ కాదు. ఆ నారింజ వైర్లను మాత్రం బయట మెకానిక్ ఎవరూ ముట్టుకోకూడదు. నా భయం ఇంకోటమ్మా. మీరు కొనబోయే బండి ఇంతకుముందే మునిగి ఉండొచ్చు.

శ్రోత: అదెట్లా తెలుస్తుంది బాబూ?

మెకానిక్: 2023 జూలైలో భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి మునిగినప్పుడు మన హన్మకొండ, వరంగల్ కాలనీల్లో కూడా ఎన్ని బండ్లు నీళ్లలో ఉన్నాయో మనం చూశాం. 2024 సెప్టెంబర్ 1న మున్నేరు పొంగి ఖమ్మం మునిగింది. 2025 అక్టోబర్ చివర్లో మొంథా తుపాను మళ్లీ మనల్నే ముంచింది. ఆ బండ్లన్నీ తుక్కుకు పోలేదమ్మా. కొన్నిటిని కడిగి, సీటు కవర్లు మార్చి అమ్ముతున్నారు. మామూలు బండి మునిగితే ఇంజిన్, వైరింగ్ పోతాయి. హైబ్రిడ్‌కు వాటితో పాటు పెద్ద బ్యాటరీ ఉంటుంది, హైరైడర్, గ్రాండ్ విటారా లాంటి వాటిలో అది డిక్కీ అడుగున ఉంటుంది. నీళ్లు చేరే చోటు.

నా దగ్గరికే ఒకాయన అలాంటి బండి తెచ్చాడు. కొని మూడు నెలలైంది. దారిలో ఎర్ర త్రికోణం లైటు వెలిగి ఆగిపోయింది. డిక్కీ కార్పెట్ లేపితే కింద ఒండ్రు మట్టి ఎండి పొరలు పొరలుగా ఉంది. బిడ్డ చదువుకు దాచిన డబ్బుతో కొన్నానని చెప్పి, ఆయన అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాడు. కొనే ముందు పది నిమిషాలు నాకు చూపించి ఉంటే ఆపేవాణ్ని. ఈ కార్యక్రమానికి రమ్మని పిలవగానే నేను ఒప్పుకున్నది ఆయన్ని తలుచుకునే.

కాబట్టి అమ్మా, మీ అబ్బాయికి చెప్పండి. సీటు బెల్టును పూర్తిగా బయటికి లాగి చివర చూడాలి. మునిగిన బండి బెల్టు మీద మట్టి చార ఉంటుంది, కడిగినా తేలిగ్గా పోదు. ముందు సీటు కింద పట్టాలకు తుప్పు పట్టిందా, స్టెప్నీ ఉండే గుంటలో ఒండ్రు ఉందా, ఫ్యూజ్ పెట్టెలో పిన్నులు పచ్చగా మారాయా చూడాలి. బండిలో సెంటు వాసన గుప్పున కొడితే అనుమానించాలి. ఇన్సూరెన్స్ పాలసీ నంబర్ తీసుకుని పాత క్లెయిములు ఏమున్నాయో కంపెనీలో కనుక్కోవాలి. ఇవన్నీ చూడ్డానికి రూపాయి ఖర్చు కాదమ్మా.

శ్రోత: చాలా మేలు చేశారు బాబూ. వాడికి ఇప్పుడే చెప్తాను.

యాంకర్: గోదావరిఖని నుంచి ఫోన్.

శ్రోత (గోదావరిఖని): అన్నా, సింగరేణిలో పనిచేస్తాను. కామ్రీ హైబ్రిడ్, 2014ది, 2,10,000 తిరిగింది. కొత్తప్పటి ధరతో పోలిస్తే చాలా తక్కువకే ఇస్తున్నారు. మధ్యలో ఒకసారి బ్యాటరీలో రెండు సెల్స్ మార్పించాం, ఇంక చూడక్కర్లేదు అంటున్నారు.

మెకానిక్: నేనైతే ఆ సెల్స్ మాట వినగానే వెనక్కి వస్తాను అన్నా. వాళ్లు సెల్స్ అంటున్నవి మాడ్యూళ్లు, ఆ బ్యాటరీలో అవి 34 ఉంటాయి, అన్నీ కలిపి సుమారు 245 వోల్టులు. అన్నీ ఒకే రోజు పుట్టి, ఒకే ఎండలో పదేళ్లు పనిచేసినవి. రెండు చచ్చాయంటే మిగతా ముప్పై రెండూ అదే దారిలో ఉన్నట్టు. కొత్తవాటిని పాతవాటితో కలిపితే సమానంగా నడవవు, కొన్ని నెలలకు ఇంకోటి పోతుంది.

మీ ఊరి సంగతి కూడా ఉంది. ఎండాకాలం రామగుండం వైపు 45 డిగ్రీలు దాటుతుంది. బ్యాటరీని చల్లబరిచే ఫ్యాను కారు లోపలి గాలినే లాగుతుంది. వెనక సీటు దగ్గర ఆ గాలి వెళ్లే జాలి ఉంటుంది. మీ దగ్గర బొగ్గు పొడి, కరీంనగర్ వైపు గ్రానైట్ పొడి, ఆ జాలిలో పేరుకుంటే గాలి ఆడదు, బ్యాటరీ ఉడికిపోతుంది. చాలా బ్యాటరీల చావుకు కారణం కిలోమీటర్లు కాదు, వేడి. ఏ హైబ్రిడ్ కొన్నా ఆ జాలి ఎక్కడుందో తెలుసుకోండి, శుభ్రంగా ఉంచండి. దాని మీద బ్యాగులు, చద్దర్లు పెట్టొద్దు.

శ్రోత: కొత్త బ్యాటరీ వేయించి తీసుకుంటే?

మెకానిక్: దాని ధర సర్వీస్ సెంటర్‌లో అడిగి, బండి ధరకు కలిపి చూడండి. అప్పుడు కూడా చవకే అనిపిస్తే, కాయితాలు సరిగా ఉంటే తీసుకోండి. నా మనసు మాత్రం ఒప్పుకోవడం లేదు.

యాంకర్: అన్నా, హన్మకొండ టీచర్ గారు మళ్లీ లైన్‌లోకి వచ్చారు.

శ్రోత (హన్మకొండ): అన్నా, ఆయన రేపు పొద్దున సర్వీస్ సెంటర్‌కు తెస్తానన్నాడు. ధర మాత్రం తగ్గించనన్నాడు. అదే ఏడాది మామూలు పెట్రోల్ బండి కన్నా లక్షన్నర ఎక్కువ చెప్తున్నాడు.

మెకానిక్: లెక్క వేద్దాం సార్. కంపెనీ లీటర్‌కు 27.97 కిలోమీటర్లు అని చెప్తుంది గానీ రోడ్డు మీద అంత రాదు, 22 వేసుకోండి. మామూలు పెట్రోల్ బండికి 15. నెలకు వెయ్యి కిలోమీటర్లకు 21 లీటర్లు మిగులుతాయి. లీటర్ 107 రూపాయలు అనుకుంటే నెలకు రెండు వేల రెండు వందల పైమాటే. ఏడాదికి ఇరవై ఏడు వేలు. ఆ లక్షన్నర తిరిగి రావాలంటే ఐదున్నరేళ్లు. మీ వారంటీ ఏమో రెండేళ్లలోపే అయిపోతుంది. మీరు తిరిగేది ఎక్కువగా టౌన్‌లోనే కాబట్టి హైబ్రిడ్ మీకు సరిపోయే బండే, కాదనను. కనీసం డెబ్బై వేలు తగ్గించమనండి.

శ్రోత: తగ్గించకపోతే?

మెకానిక్: స్కాన్ రిపోర్టు చూసి మాట్లాడండి. రిపోర్టు బాగోకపోతే బయానా వాపసు ఇస్తానని ఈ రాత్రికే ఒక కాయితం మీద రాయించుకోండి. అన్నీ బాగుండి తీసుకుంటే ఓనర్ పేరు మార్చే ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు మీ ముందే చేయించుకోండి. ఫైనాన్స్ ఉంటే ఫారం 35 కూడా. చలాన్లు ఏమున్నాయో ఆన్‌లైన్‌లో చూసి ఆయనతోనే కట్టించండి. ఇన్సూరెన్స్‌ను 14 రోజుల్లో మీ పేరు మీదికి మార్చుకోండి. రేపు రిపోర్టు రాగానే దాని ఫొటో పంపండి, నేను చూసి చెప్పేదాకా మిగతా డబ్బు ఇవ్వొద్దు.

శ్రోత: సరే అన్నా. రేపు ఎనిమిదింటికల్లా పంపుతాను.