ఖుంట నంబరు

శ్రోతలకు నమస్కారం. ఈ పూట వీధి దీపం గురించి నాలుగు మాటలు చెబుతాను. అసలు చెప్పదలచుకున్నది మా పిన్ని గురించి. దీపం దారిలో అదే వస్తుంది.

పిన్ని విజయనగరం నుంచి కొడుకు దగ్గరికి వచ్చి రెండేళ్లయింది. కొడుకు ఉండేది ఒడిశాలో, సరిహద్దు దగ్గరి చిన్న పట్టణం. ఇంట్లో తెలుగు, సంతలో తెలుగూ ఒడియా కలగలుపు, ఆఫీసుకు వెళితే ఒడియా. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో వింటున్నవారికి ఈ వరస కొత్త కాదు.

పోయిన వానాకాలంలో వాళ్ల వీధి దీపాలకు ఒక వింత జబ్బు చేసింది. రాత్రి 9 దాటితే గాని వెలగవు. తెల్లారి 9 అయితే గాని ఆరవు. చీకటి పడ్డాక మూడు గంటలు వీధంతా కటిక చీకటి, పొద్దున పాలవాడు వచ్చేసరికి ఎండలో దీపాల పండగ. పిన్ని ముగ్గు వేస్తూ తల ఎత్తి చూసి, "సూర్యుడికి దివిటీ పడుతున్నారా?" అనేది.

ఒక రోజు ఉండబట్టలేక ఫిర్యాదుల నంబరుకు ఫోను చేసింది. అవతలి మనిషి మర్యాదగానే అడిగాడు, "ఖుంట నంబర్ కేతే?" అని. ఒడియాలో ఖుంట అంటే స్తంభం. మన పిన్నికి అది కుంట అని వినిపించింది. "మా వీధిలో కుంట లేదు నాయనా, నుయ్యి ఉంది. దానికి నంబరు లేదు" అంది. ఫోను పెట్టేశారు. ఎవరు పెట్టేశారన్నది ఇప్పటికీ తేలలేదు.

సాయంత్రం కొడుకు వచ్చి సంగతి విడమరిచాడు. ఇద్దరూ వెళ్లి స్తంభం చుట్టూ తిరిగి చూస్తే, ట్యూషన్ పోస్టర్ల కింద రంగుతో రాసిన నంబరు దొరికింది. అది చెప్పి మళ్లీ ఫోను చేశారు. రెండో రోజు లైన్‌మన్ వచ్చాడు. అయితే ఆ స్తంభం ఎక్కలేదు! నేరుగా వీధి మలుపులో ఉన్న ఇనుప పెట్టె దగ్గరికి వెళ్లాడు. నంబరును బట్టి ఆ స్తంభం ఏ పెట్టె కిందికి వస్తుందో అతనికి తెలుసు. పెట్టె తెరిస్తే లోపల, దీపాలను వేళకు వెలిగించి ఆర్పే గడియారం లాంటి పాత టైమర్. అది కరెంటుతో తిరిగేది. కరెంటు పోతే అదీ ఆగిపోతుంది. వచ్చాక, ఆగిన చోటి నుంచే మళ్లీ నడక మొదలుపెడుతుంది. గాలివానలకు ఒకనాడు గంట, ఒకనాడు అరగంట కరెంటు పోయి పోయి, అన్నీ కలిసి మూడు గంటల వెనకబాటు. లైన్‌మన్ వేలితో చక్రం తిప్పి సరిచేశాడు. రెండు నిమిషాల పని.

నాకు ఇక్కడే ఒక మాట చెప్పాలనిపిస్తుంది. ఆ దీపాలు రోజూ పన్నెండు గంటలే వెలిగాయి. రాత్రి వెలగని మూడు గంటలూ పగలు వెలిగాయి, అంతే. బిల్లు పెరగలేదు. మీటరు లెక్కలో తప్పేమీ లేదు, కాగితం మీద అంతా సవ్యం. తప్పు కనిపించింది ముగ్గు వేసే పిన్నికి ఒక్కర్తికే.

ఇప్పుడు కొత్త పెట్టెలు వస్తున్నాయి. తేదీని బట్టి పొద్దు వాలే వేళను లెక్కగట్టి వెలిగించే రకం ఉంది. అది అవసరమే మరి. మన తూర్పు కొసన డిసెంబరు మొదట్లో సాయంత్రం అయిదుంబావుకే పొద్దు వాలుతుంది, జూన్‌లో ఆరున్నర దాకా వెలుగే. సిమ్ కార్డుతో ఆఫీసు కంప్యూటర్‌కు కబురు పంపే పెట్టెలూ ఉన్నాయి. కానీ ఇలాంటి పెట్టె సాధారణంగా చెప్పేది తన కింద కరెంటు వాడకం తగ్గిందనే. ఏ స్తంభం మీది దీపం ఆరిందో దానికీ తెలియదు.

వీధి దీపాలను పట్టణాల్లో పురపాలక సంఘానికి అప్పగించదగిన పనిగా 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ 12వ షెడ్యూలులో రాసింది. 2015లో కేంద్రం ఎల్ఈడీ దీపాల కార్యక్రమం మొదలుపెట్టింది. పసుపు వెలుగు సోడియం దీపాలు పోయి తెల్లవి రావడం అప్పటి నుంచి జోరందుకుంది. 250 వాట్ల సోడియం దీపం రాత్రికి 3 యూనిట్లు తాగితే, దాని బదులు వేసే 110 వాట్ల ఎల్ఈడీకి ఒకటింబావు కన్నా కాస్త ఎక్కువ చాలు. ఆ పసుపు వెలుగంటే నాకు ఇప్పటికీ ఇష్టమే, అది వేరే సంగతి.

చిక్కల్లా ఎక్కడంటే, దీపం చాలాచోట్ల పురపాలక సంఘానిది, అది వేలాడే స్తంభం కరెంటు పంపిణీ సంస్థది. బల్బు పోతే ఒకరు, తీగ తెగితే మరొకరు. "మా వీధిలో, రావిచెట్టు పక్కన" అంటే ఇద్దరూ ఎదుటివారి వైపు చూపిస్తారు. ఊళ్లో రావిచెట్లు ఎన్ని లేవు! నంబరు చెబితే అది ఏ పెట్టెదో, ఏ లైనుదో తేలుతుంది, పంపవలసిన మనిషి ఎవరో తెలుస్తుంది. కాబట్టి నంబరు చెప్పండి. ఒడియాలో అడిగినా, తెలుగులో అడిగినా నంబరే చెప్పండి. పగటిపూట, దూరం నుంచి చూసి రాసుకోండి. వానలో తడిసిన స్తంభాన్ని మాత్రం ముట్టుకోవద్దు. నంబరు మీద పోస్టరు ఉంటే, పొడిగా ఉన్న రోజున లైన్‌మన్‌తోనే తీయించండి.

మా పిన్ని వంటింటి క్యాలెండర్ మీద గ్యాస్ నంబరు కింద ఇప్పుడు ఇంకో నంబరు ఉంది. పక్కన తెలుగులో "కుంట" అని రాసుకుంది. వత్తు పెట్టమని కొడుకు చెప్పినా పెట్టలేదు.