కలాథియా కొసలు ఎందుకు మాడుతున్నాయి?

వ్యాఖ్యాత: నమస్కారం. కడియం నుంచి నవనవలాడుతూ వచ్చిన కలాథియా అనే అలంకరణ ఆకుల మొక్క, విజయనగరంలో మా ఇంటికి చేరి నెల తిరగకముందే ఆకుల కొసలు ఎండి గోధుమరంగుకు మారింది. నర్సరీ నడిపే మీరే చెప్పాలండి, లోపం మన గాలిదేనా?

నిర్వాహకురాలు: గాలిని అంత తొందరగా నిందించకండి. సముద్రానికి ఇంత దగ్గరి ఊళ్లో, వడగాడ్పుల రోజులను మినహాయిస్తే, బయటి గాలిలో తేమకు కొరత ఉండదు. బ్రెజిల్ వంటి దేశాల అడవుల్లో పెద్ద చెట్ల నీడన పెరిగే జాతి కాబట్టి, ఏసీ గాలి సూటిగా తగిలేచోట మాత్రం అది తట్టుకోలేదు. అయినా నేను మొదట అడిగేది వేరు: ఏ నీళ్లు పోస్తున్నారు?

వ్యాఖ్యాత: బోరు నీళ్లేనండి. రాత్రంతా బకెట్లో నిలవ ఉంచి మరీ పోస్తున్నాను.

నిర్వాహకురాలు: నిలవ ఉంచితే కుళాయి నీటిలోని క్లోరిన్ పోవచ్చునేమో గాని, బోరు నీటిలోని ఉప్పు పోదు. ఆకు నీటిని ఆవిరిగా వదలగలదు, లవణాలను వదలలేదు. అవి కొసలకూ అంచులకూ చేరి, అక్కడే పేరుకుని, ఆ భాగాన్ని మాడ్చేస్తాయి. మట్టికుండీ వెలుపల తెల్లటి పొర కట్టిందేమో చూడండి.

వ్యాఖ్యాత: కట్టింది. నేను దాన్ని సున్నమనుకున్నాను.

నిర్వాహకురాలు: కుండీ లోపలి మట్టిలోనూ అదే ఉంటుంది. నెలకొకసారి, కుండీ పట్టేదానికి రెండు మూడు రెట్ల మంచినీటిని నిదానంగా పోసి, అడుగు రంధ్రం నుంచి పూర్తిగా కారిపోనివ్వండి. పళ్లెంలో చేరిన నీటిని పారబోయండి. ఎరువు తగ్గించండి, అదీ ఉప్పే. వాననీటికి మించినది లేదు. వానలు లేని రోజుల్లో ఏసీ పైపు నుంచి కారే నీటిని పట్టుకోండి. గదిలోని తేమను లాగేసి ఆకును ఎండబెట్టే యంత్రమే, లవణాలు దాదాపు లేని నీటిని బయట ధారపోస్తోంది.

వ్యాఖ్యాత: రోజుకు నాలుగుసార్లు ఆకులపై నీళ్లు చిలకరిస్తున్నాను కూడా.

నిర్వాహకురాలు: ఆ తడి నిమిషాల్లో ఆరిపోతుంది, శ్రమే మిగులుతుంది. దానికన్నా నాలుగు కుండీలను దగ్గర దగ్గరగా పెట్టడం మేలు. ఆకు పెళుసుగా కాక మెత్తగా నల్లబడుతూ చుట్టూ పసుపు తిరిగితే, నీరెక్కువై వేరు కుళ్లుతోందేమోనని అనుమానించండి.

వ్యాఖ్యాత: మాడిన కొస మళ్లీ పచ్చబడుతుందా?

నిర్వాహకురాలు: పడదండి. పచ్చని భాగం తెగకుండా, సన్నని ఎండు అంచు మిగిల్చి కత్తిరించండి. కొత్త ఆకు ఎలా విచ్చుకుంటుందో చూసి ఫలితం తేల్చుకోండి.

వ్యాఖ్యాత: అయితే ఈ పూటే ఏసీ పైపు కింద బకెట్ పెడతాను.

నిర్వాహకురాలు: మూత కూడా వేయండి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి.