ఫసలీ 1353 ఎప్పుడు మొదలైంది?

అందరికీ నమస్కారం.

ఏ పొలం ఎవరి సాగులో ఉందో ఏటేటా రాసే దస్త్రం పహాణీ. దాని పాత నకలు చేతికి రాగానే మనం ముందు పేరు వెతుక్కుంటాం. తర్వాత సర్వే నంబరు, విస్తీర్ణం. పైన ‘ఫసలీ 1352’ అని ఉంటే అదేదో దస్త్రం నంబరు అనుకుని వదిలేస్తాం. మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. ఈ పూట ఆ అంకె గురించే మాట్లాడతాను.

ఫసలు అంటే పంట. ఫసల్ బీమాలో ఉన్నదీ ఆ మాటే. ఫసలీ అంటే పంటల లెక్కన నడిచే సంవత్సరం. దాని అవసరం ఎందుకు వచ్చిందంటే, మొగలుల కొలువులో చెల్లుబాటైన హిజ్రీ ఏడు చంద్రుడిది. అది సూర్యుడి ఏడాది కంటే పదకొండు రోజులు తక్కువ. పొలంలో ముప్ఫై రెండు ఏళ్ల పంటలు పండేసరికి కాగితం మీద ముప్ఫై మూడు ఏళ్లు గడిచిపోతాయి. ఆ పండని ఏటి శిస్తు రైతు ఎక్కడి నుంచి తేవాలి? అక్బర్ కాలంలో హిజ్రీ 963ను, అంటే 1556ను, మొదలుగా పట్టుకుని, అంకెను అలాగే ఉంచి నడకను మాత్రం సూర్యుడికి అప్పగించారు.

దక్కన్‌కు ఈ పద్ధతి షాజహాన్ కాలంలో, 1636లో వచ్చింది. అప్పుడు హిజ్రీ 1046 నడుస్తోంది. ఇక్కడ ఆ అంకెనే తీసుకున్నారు. మధ్యలోని ఎనభై ఏళ్లలో చంద్రుడు ముందుకు పరుగెత్తాడు కాబట్టి మన ఫసలీ ఉత్తరాది ఫసలీ కంటే రెండు మూడేళ్లు ముందుంటుంది. మన ఫసలీకి 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1435కు 590 కలపండి, 2025.

ఇక్కడితో అయిపోతే ఈ ప్రసంగమే అక్కర్లేదు. చిక్కంతా మొదటి రోజు దగ్గర ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1855 నుంచి ఫసలీ జూలై 1న మొదలయ్యేది. నిజాం రాజ్యంలో ఆజూర్ నెల ఒకటో తేదీన, అంటే అక్టోబర్ 6న. అక్కడి నెలల పేర్లు కూడా ఆజూర్, దై, బహ్మన్ అంటూ పారసీకమే. అంకె ఒకటే, కానీ మూడు నెలల తేడా. 1943 ఆగస్టులో కర్నూలు రైతు 1353లో ఉంటే, నది దాటితే పాలమూరు రైతు ఇంకా 1352లోనే ఉన్నాడు!

ఇది వినోదం కోసం చెప్పడం లేదు. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం 34వ సెక్షన్ చూడండి. రక్షిత కౌలుదారు ఎవరో తేల్చడానికి అది పెట్టిన కొలతల్లో ఒకటి, ఫసలీ 1342 నుంచి 1352 లోపల కనీసం ఆరేళ్లు ఎడతెగకుండా కౌలు చేసి ఉండటం. మరో కొలత 1353 మొదటి రోజు నుంచి లెక్క. అక్కడ చట్టమే 1943 అక్టోబర్ 6 అని తేదీ కూడా వేసింది. రాసినవారికి ఈ గందరగోళం ముందే తెలుసన్నమాట. జూలై లెక్క అలవాటైనవారు ఆ సెక్షన్‌ను చదివితే మూడు నెలల సాగు పక్క ఏటికి జారిపోతుంది. ఆరేళ్లు నిండాయా లేదా అనే తగాదాలో మూడు నెలలు చిన్నవి కావు.

కాబట్టి నకలు చూడగానే 590 కలిపేయకండి. ఆ ఊరు అప్పట్లో ఎవరి కింద ఉందో అడగండి. ఇప్పటి జిల్లా పేరు చూసి మోసపోవద్దు. మునగాల పరగణా చుట్టూ నిజాం ఊళ్లే ఉన్నా, అది అప్పట్లో కృష్ణా జిల్లాది. భద్రాచలం తూర్పు గోదావరిది. రెండూ ఇవాళ తెలంగాణలో ఉన్నాయి.

మీలో కొందరు కాగితాలు తెచ్చినట్టున్నారు. ఇలా బల్ల మీద పెట్టండి. ముందు ఊరి పేరు చెప్పండి, అంకె సంగతి తర్వాత చూద్దాం.